మూడో గాలి

ఇక్కడ నది రోజుకు రెండుసార్లు మనసు మార్చుకుంటుంది.
పోటుకి నీసియా ఇల్లు తూర్పుకి తిరుగుతుంది,
ఆటుకి పడమటికి.
దుంగల మీద తేలే ఇల్లు, ఒక్క తాడే కట్టు.
ఇంటితో యాంటెన్నా తిరుగుతుంది,
యాంటెన్నాతో బొమ్మ పోతుంది.

అందుకే ఆ ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది:
పదేళ్ల ఒజేయాస్, కప్పు మీద, వెదురుగడ పట్టుకుని.
లోపల్నుంచి నాయనమ్మ కేక:
"ఇటు... ఇంకాస్త... ఆఁ, అక్కడే! ఊపిరి తియ్యకు!"

ఆ బొమ్మని పంపేవాణ్ని నేను.
మరజో దీవిలో ఎనభైనాలుగు మీటర్ల ఇనుము.
ముప్ఫైయొక్క ఏళ్లుగా ఎక్కుతున్నాను, దిగుతున్నాను.
నన్ను చూసి లేచిపోవడం రాబందులు ఎప్పుడో మానేశాయి.

నేను చేరేనాటికి మొదటి గాలి.
దూరం పోయేకొద్దీ నీరసించేది.
తెర మీద చుక్కలు; మావాళ్లు తుంపర అనేవారు.
మనిషి పక్కనే ఆ మనిషి దెయ్యం నిలబడేది.
అయినా చచ్చేదాకా ఏదో ఒకటి చెప్పేది,
ఆఖరి వారంలో మా నాన్నలా.
మాటలు సగం. అర్థం మొత్తం.

రెండో గాలి అంకెలు వేసుకుని వచ్చింది.
ఉంటే అద్దంలాంటి బొమ్మ,
లేకుంటే నల్ల తెర.
నడుమ నసుగుడు లేదు.
ఆ ఏడు ఫైనల్లో, పెనాల్టీకి కాలు వెనక్కి వెళ్లాక
గళ్లుగళ్లుగా పగిలి ఆగిపోయింది ఆ కాలు.
నీసియాకి నేనింకా ఆ గోలు బాకీ.

ఇప్పుడు మూడోది.
బెలేంలో మూడు రోజుల శిక్షణ,
స్వెట్టర్ అడిగేంత ఏసీ.
తైనారా అనే కుర్ర ఇంజనీరు బోర్డు మీద గీసింది:
ఒకే దారిలో రెండు అలలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం.
రొద కింద నలిగినా మాట వినబడుతుందట.
సంతలో బిడ్డ ఏడుపు తల్లికి వినబడినట్టా, అన్నాను.
నవ్వింది. "డెసిబెల్స్‌లో రాసుకోండి," అంది.
వరదొస్తే, నిద్రపోతున్న టీవీని తట్టి లేపుతుందట.
ఇల్లు ఎటు తిరిగినా బొమ్మ నిలుస్తుందట.

నోట్సులో నేను రాసుకున్నది ఒక్క ముక్క:
ఒజేయాస్ దిగొచ్చు.

చివరి గంటలో, అందరూ సంచులు సర్దుకుంటుంటే, ఇంకో సంగతి.
నెట్ ఉన్నచోట ఇకపై టీవీ తిరిగి మాట్లాడుతుంది.
ఎవరు చూశారు, ఎంతసేపు, ఎంత వయసు, ఏ వీధి.
నీసియాకి వీధి లేదు.
చెయ్యెత్తాను: "నెట్ లేనివాళ్లు?"
"వాళ్లూ చూడొచ్చు," అంది తైనారా.
ప్రొజెక్టర్ ఆపుతూ, "ఇప్పటికైతే," అంది.

గాలికి పోయింది అంటే దండగైందని కదా మాట.
నా బతుకంతా గాలికే పోయింది, లక్షణంగా.
ఎవరి పేరూ అడక్కుండా పంపాను.
జైలు గదికీ, పూజారి గదికీ,
అప్పులవాడికి, అప్పిచ్చినవాడికి,
మా స్తంభం నుంచే కరెంటు లాక్కున్న సారా కొట్టుకీ
అదే బొమ్మ, అదే నిమిషం.
ఎంతమంది చూశారో నాకు తెలియదు.
ఆ తెలియకపోవడం ఎంత మర్యాదో
ఇన్నాళ్లూ తట్టలేదు.

నిన్న కొత్త పెట్టె పడవలో తీసుకెళ్లాను, పరీక్షకి.
నీలం తెర వెలిగి మొదట అడిగింది: మీ పేరు?
కింద గీత ఒకటి, ఆగి ఆగి మిణుకుతూ.
"ఎవరడుగుతున్నారు జెనివాల్?" అంది నీసియా.
టవరెక్కి చూసినా కనబడని ప్రశ్న.
తల గోక్కున్నాను.
ఆమె చీర్నవేలుతో "తర్వాత" నొక్కింది,
అప్పులవాణ్ని గుమ్మంలోంచి పంపేసినట్టు.

బొమ్మ వచ్చింది. వంటల కార్యక్రమం.
ఉల్లిపాయ పొరలు లెక్కపెట్టేంత స్పష్టం.
పోటు మొదలైంది.
ఇల్లు మెల్లగా మూలిగి తూర్పుకి తిరిగింది.
ఉల్లిపాయ కదల్లేదు.

పైన, తీగ పీకేసిన వెదురుగడ పట్టుకుని
అలవాటు కొద్దీ ఒజేయాస్:
"ఇటా నాయనమ్మా?"

నీసియా నా వైపు చూసింది, తెర వైపు చూసింది.
"ఇంకాస్త," అని అరిచింది.
"ఆఁ. అక్కడే."